ఇంటి పొలానికి తవ్విన కాలువ

సేవ గురించి మనం పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఒకే రకం మనుషులు ఎక్కువగా కనిపిస్తారు. ఇల్లు విడిచినవారు, ఆస్తి పంచిపెట్టినవారు, కుటుంబమే వద్దనుకున్నవారు. వారి గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ పాఠాలు విన్న పిల్లల మనసులో ఒక లెక్క స్థిరపడిపోతుంది. కుటుంబం ఒక వైపు, ప్రజాసేవ ఇంకో వైపు. ఒకదానికి ఎంత ఇస్తే రెండోదానికి అంత తగ్గుతుంది. ఈ లెక్కన చూస్తే రెండు మూడు ఎకరాల కొండమెట్ట, గెడ్డ పక్కన ఒక చిన్న మడి, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి ఉన్న రైతు ఎప్పటికీ సేవకుడు కాలేడు. ఆయన ఇల్లు విడవలేడు. విడిస్తే ఆ ఏడు పంట ఉండదు.

ఈ లెక్క సరైనదేనా? కుటుంబాన్ని ప్రేమించే రైతు ఊరికి చేసే పని రెండో రకం సేవ అవుతుందా? ఊరి కోసం పనిచేసిన రైతు ఇంటికి ఊరు ఏమైనా బాకీ ఉంటుందా? మన యువకులు, మన ఉపాధ్యాయులు ఆలోచించవలసిన ప్రశ్నలివి. వీటిని గాలిలో చర్చించడం కంటే ఒక రైతు జీవితాన్ని ముందు పెట్టుకుని చర్చించడం మంచిది.

ఆ రైతు పేరు దైతరి నాయక్. ఒడిశాలోని కెందుఝర్ జిల్లా, బాంసపాల్ ప్రాంతంలో తాళబైతరణి అనే ఊరు ఆయనది. ఆదివాసీ రైతు. ఆ ప్రాంతమంతా కొండలు. వాన పడితే సాగు, పడకపోతే లేదు. గోనాసిక కొండ మీద నీరు ఉంది, కింద పొలాలు ఎండుతున్నాయి. మధ్యలో రాయి అడ్డం. దైతరి నాయక్ గడ్డపార, పార పట్టుకుని ఆ కొండను తవ్వడం మొదలుపెట్టారు. ఆయన సోదరులు, ఇంటివాళ్లు రాళ్లు ఎత్తారు. 2010 నుంచి 2013 వరకు, మూడేళ్లు. చివరకు సుమారు మూడు కిలోమీటర్ల కాలువ తయారైంది. దాదాపు వంద ఎకరాలకు నీరు వచ్చింది. 2019లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై ప్రాంతంలో ఉంది.

ఈ కథ చెప్పినప్పుడు తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. “ఆయన తన పొలానికి నీళ్ల కోసమే కదా తవ్వుకున్నాడు? అది సేవ ఎలా అవుతుంది?” ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. సొంత అవసరం లేనిదే సేవ అనే నమ్మకం దీని వెనుక ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించాలి.

రైతుకు నీటి అవసరం పుస్తకంలో చదివి తెలియదు. తన ఆకుమడి ఎండితే తెలుస్తుంది, పిల్లల గిన్నెలో అంబలి పలచబడితే తెలుస్తుంది. పక్క రైతు బాధ ఆయనకు అర్థమయ్యేది కూడా ఈ దారిలోనే. సొంత ఇంట్లో ఆకలి చూసినవాడు ఎదురింటి ఆకలిని గుర్తుపట్టడానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కాబట్టి సేవ సొంత అవసరం దగ్గర మొదలవడంలో తప్పు లేదు. అది ఎక్కడ ఆగిపోయిందన్నదే చూడాలి. తన గట్టు దాటగానే కాలువ ఆగిపోతే అది సొంత పని. గట్టు దాటి కింది పొలానికీ పారితే అది ఊరి పని. వంద ఎకరాలు ఒక ఇంటివాళ్లు దున్నుకునే నేల కాదు. ఎన్నో ఇళ్ల గాదెల్లోకి వెళ్లే ధాన్యం ఆ నీటి మీద ఆధారపడింది. మొదలుపెట్టినది ఇంటి అవసరమైనా, పూర్తయినది ఊరి కాలువ.

ఇంకో జీవితం చూద్దాం. ఇది మన పాడేరు, అరకు కొండలకు ఆనుకుని ఉన్న కొరాపుట్ జిల్లాకు చెందినది. జయపురం దగ్గర పాత్రపుట్ అనే ఊరి రైతు మహిళ కమలా పూజారి. పరోజా తెగకు చెందిన ఆమె బడి చదువు చదువుకోలేదు. ఆమె చేసిన పని విత్తనం దాచడం. దేశమంతా కొత్త రకాల వరి, రసాయన ఎరువుల వైపు వెళ్తున్న కాలంలో ఆమె పాత రకాల వరి విత్తనాలు వెతికి, విత్తి, మళ్లీ విత్తనం కట్టి, వంద దాకా రకాలను నిలబెట్టారు. జయపురంలోని స్వామినాథన్ పరిశోధనా సంస్థతో కలిసి పనిచేశారు, ఊరూరా తిరిగి తోటి రైతులకు చెప్పారు. 2002లో జొహన్నెస్‌బర్గ్‌లో జయపురం ప్రాంత ఆదివాసీ రైతులకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చినప్పుడు అందులో ఆమె ఉన్నారు. 2018లో ఒడిశా రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యురాలయ్యారు. దైతరి నాయక్‌కు పద్మశ్రీ వచ్చిన 2019లోనే ఆమెకూ వచ్చింది. 2024 జులైలో కన్నుమూశారు.

విత్తనం దాచడం అంటే ఏమిటో మన ఇళ్లలో పెరిగిన వారికి చెప్పనక్కర్లేదు. కంకి ఎంచడం, ఎండబెట్టడం, బూడిదలోనో వేపాకులోనో కలిపి పురుగు పట్టకుండా చూడడం, పొయ్యి పైన పొగ తగిలేలా కట్టడం. ఇది ఇంట్లో తల్లి చేసే పని. ఎవరూ దీన్ని ప్రజాసేవ అనరు. ఎంతమంది మన అమ్మమ్మలు, నానమ్మలు సామ, కొర్ర, చోడి విత్తనాలను ఇలా కాపాడి ఉంటారో ఏ పుస్తకంలోనూ లేదు. కమలా పూజారి చేసినది అదే పని. కొత్తగా చేసినది ఒకటే, ఆ విత్తనాన్ని పక్క ఊరికీ ఇవ్వడం. ఇంటిపని గడప దాటి ఊరిపని కావడానికి ఎంత దూరం నడవాలో ఆమె జీవితం చూపిస్తుంది. ఆ దూరం మనం అనుకునేంత ఎక్కువ కాదు.

ఇక మన కొండలకు వద్దాం. ఇక్కడ కుటుంబం అన్న మాటకు గోడలు లేవు. కిల్లో వాళ్లు, కొర్రా వాళ్లు, పాంగి వాళ్లు, వంతల వాళ్లు అని మనకు ఇంటిపేర్లున్నాయి. ఒక ఇంటిపేరు వాళ్లు ఏ ఊళ్లో ఉన్నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. వేరే ఇంటిపేరు వాళ్లు బావలు, మామలు, వదినలు. సంతలో కలిసిన కొత్త మనిషిని కూడా ఇంటిపేరు అడిగి వరస కలుపుతాం. ఇలాంటి చోట “నా కుటుంబం” అని గీత గీయమంటే ఆ గీత ఎక్కడ పడుతుంది? పెంకుటింటి నాలుగు గోడల దగ్గర పడదు.

పనిలో కూడా అంతే. ఉబాలు వచ్చినప్పుడు ఒకరి మడికి ఒకరు బదులు వెళ్తాం. వానలు మొదలయ్యే ముందు గెడ్డ నుంచి మడులకు వచ్చే కాలువలో పూడిక, ముళ్లకంప ఇంటికొకరు చొప్పున వెళ్లి తీస్తారు. రోడ్డు లేని ఊళ్లో గర్భిణికి నొప్పులు వస్తే కర్రకు దుప్పటి కట్టి డోలీ చేసి మోస్తారు. ఆ డోలీ మోసేది ఎవరు? ఆ రోజు పొద్దున నాగలి కట్టవలసిన రైతులే. ఎడ్లను విప్పి చెట్టుకు కట్టేసి వస్తారు. నలుగురు మోస్తే ఇంకో నలుగురు భుజం మార్చడానికి వెంట నడుస్తారు. దీన్ని మనలో ఎవరూ సేవ అనరు. దీనికి మన దగ్గర వేరే పేరు కూడా లేదు. ఊళ్లో ఉన్నాక చేస్తాం, అంతే.

అయితే ఇక్కడే నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. కుటుంబం, ఊరు ఒకటేనని చెప్పడం తేలిక. కానీ గాదె ఊరిది కాదు, ఇంటిది. పొయ్యి ఇంటిది. ఊరిపని మీద తిరిగిన రైతు పొలం ఆలస్యమైతే దాని ఫలితం తినేది ఆయన భార్యా పిల్లలే.

సేవలో జీతగాడికీ రైతుకూ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది. నాలాంటి ఉపాధ్యాయుడు ఆదివారం నాడు ఊరి పనికి వెళ్తే నెలాఖరు జీతంలో రూపాయి తగ్గదు. అదే మాట రైతు విషయంలో అనలేం. వర్షాధారపు సాగులో అదును అనేది ఒకటుంటుంది. దుక్కికి నేల మెత్తబడిన ఆ కొద్ది రోజులూ పోతే విత్తు మొలక సరిగా రాదు. నారు ముదిరిపోతే దుబ్బు కట్టదు. జూన్, జులై నెలల్లో రైతు ఊరి కోసం ఇచ్చే నాలుగు రోజులు డిసెంబరులో కల్లం మీద నాలుగు కుంచాల లోటుగా కనిపిస్తాయి. ఆ లోటు ఎవరూ సన్మాన పత్రంలో రాయరు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం లెక్క పెట్టుకుంటుంది. ఆయన పంచాయతీకి, మండలాఫీసుకు, ఆసుపత్రికి తిరిగిన రోజుల్లో కలుపు తీసినది ఆమె, మేకలు తోలినది ఆమె, అప్పు అడగడానికి తమ్ముడింటికి వెళ్లినదీ ఆమే. ఊరి కోసం పనిచేసిన రైతు అని మనం ఒకరిని పొగిడినప్పుడు నిజానికి ఇద్దరు పనిచేసి ఉంటారు. పేరు ఒకరిది మాత్రమే బయటికి వస్తుంది.

ఇప్పుడు దైతరి నాయక్ జీవితంలో తరువాతి భాగం చెప్పాలి. పద్మశ్రీ వచ్చిన కొద్ది నెలలకే, 2019 జూన్‌లో, ఆయన ఆ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేస్తానంటున్నారని పత్రికల్లో వచ్చింది. కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. పురస్కారానికి ముందు ఆయనకు కూలిపని దొరికేది. పురస్కారం వచ్చాక ఎవరూ పనికి పిలవడం లేదు. అంత పెద్ద మనిషికి కూలిపని చెప్పడం ఆయన స్థాయికి తగదని జనం అనుకుంటున్నారు. దాంతో ఇల్లు గడవడం కష్టమైంది. తునికాకు, మామిడి తాండ్ర అమ్ముకుంటున్నామని, చీమల గుడ్లు తిని బతుకుతున్నామని ఆయన చెప్పారు. కాలువను సిమెంటుతో గట్టి చేస్తామన్న మాట నెరవేరలేదని కుటుంబం బాధపడింది.

ఈ వార్త చదివిన చాలామంది చీమల గుడ్ల దగ్గర ఆగిపోయారు. అయ్యో, చీమల గుడ్లు తింటున్నాడా అని జాలిపడ్డారు. మనం అక్కడ ఆగనక్కర్లేదు. ఎర్రచీమల పచ్చడి చాలామంది ఆదివాసీలకు తెలిసిన తిండి. అదే ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇష్టంగా తినే తిండి వేరు, వేరే దారి లేక దాని మీదే బతకవలసి రావడం వేరు. ఆయన బాధ తిండి గురించి కాదు. తోటి మనుషులతో కలిసి పని చేసుకునే చోటు పోయింది. మూడేళ్లు కొండ తవ్విన చేతులకు పని లేకుండా చేసినది ఆయన మీద ఎవరికీ ఉన్న కోపం కాదు, గౌరవం.

ఆయన ఊరికి దూరంగా కూర్చుని ఆ ఊరివాళ్లను తప్పుపట్టడం తేలిక. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. గౌరవం అంటే మనిషిని ఎత్తైన చోట కూర్చోబెట్టడమే అని బయటి సమాజం నుంచి మనమందరం నేర్చుకున్నాం. శాలువా కప్పుతాం, వేదిక మీద కుర్చీ వేస్తాం, ఫొటో తీస్తాం. వేదిక దిగాక ఆ మనిషి మళ్లీ మన పక్కన మడిలో దిగడం మనకు ఇబ్బందిగా ఉంటుంది. మనిషిని పనిలోంచి, పొత్తులోంచి విడదీసే గౌరవం రైతుకు శిక్షతో సమానం. రైతుకు కావలసిన గౌరవం వేరే ఉంది. అది మన దగ్గర పాతకాలం నుంచీ ఉంది. దాని పేరు బదులు.

డోలీ మోసి సాయంత్రం తిరిగివచ్చిన రైతుకు ఎవరూ డబ్బు ఇవ్వరు. ఇస్తే ఆయన తీసుకోడు, పైగా నొచ్చుకుంటాడు. కానీ మరునాడు ఆయన దుక్కికి పక్కింటి ఎడ్లు కూడా వస్తే కాదనడు. ఈ రెండింటి మధ్య తేడా మన యువకులు బాగా గమనించాలి. డబ్బు ఇస్తే లెక్క తీరిపోతుంది. ఆ తరువాత ఇద్దరికీ సంబంధం లేదు. బదులు చేస్తే లెక్క తీరదు, సంబంధం కొనసాగుతుంది. ప్రతిఫలం తీసుకుంటే సేవ కాదని కొందరు అంటారు. అది కూలికి వర్తించే మాట. బదులు ప్రతిఫలం కాదు, ఒకరి భారంలో ఇంకొకరు పాలు పంచుకోవడం. సేవ చేసిన రైతు గాదె ఖాళీ అవుతుంటే ఆయన నిస్వార్థాన్ని పొగుడుతూ కూర్చునే ఊరు ఆయన కష్టాన్ని ఉచితంగా వాడుకుంటున్నట్టే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఊరి పేరు చెప్పి ఇల్లు మరిచిపోయేవారు మనలో లేకపోలేదు. నాయకుల వెంట తిరగడం, కాంట్రాక్టర్ జీపు ఎక్కడం, సంత రోజున సారా దగ్గర కూర్చుని ఊరి సమస్యలు మాట్లాడడం సేవ కిందికి రావు. అలాగే “నాకు పిల్లలున్నారు” అని చెప్పి ఊరి గెడ్డను తన మడికే మళ్లించుకునేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. మొదటివాడు ఊరిని చూపించి ఇంటిని తప్పించుకుంటున్నాడు, రెండోవాడు ఇంటిని చూపించి ఊరిని తప్పించుకుంటున్నాడు. ఎవరు నిజంగా ప్రజల మనిషో తెలుసుకోవడానికి రెండు చోట్ల అడగాలి. ఆయన పొయ్యి దగ్గర అడగాలి, ఆయన పొలం కింద పొలం ఉన్న రైతును అడగాలి. రెండు చోట్లా మంచి మాట వస్తే సందేహం లేదు.

ఈ చర్చ ఇప్పుడు మనకు ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఆదివాసీకి రెండు రకాల హక్కులు ఇచ్చింది. ఒకటి, ఒక కుటుంబం సాగు చేసుకుంటున్న నేల మీద హక్కు. అది నాలుగు హెక్టార్ల వరకు. రెండోది, ఊరంతా కలిసి వాడుకునే, కాపాడుకునే అడవి మీద సామూహిక హక్కు. చట్టం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టింది. మనం మాత్రం ఊళ్లో కూర్చుంటే నా పట్టా ఎప్పుడొస్తుంది, నా సర్వే నెంబరు ఎక్కడ అనే మాట్లాడుకుంటున్నాం. అందులో తప్పు లేదు, ఇంటికి నేల కావాలి. కానీ ఆ నేలకు నీరు వచ్చేది పైనున్న అడవి నుంచి. ఊరి అడవి ఎవరిదీ కాకుండా పోతే పట్టా చేతిలో ఉన్నా గెడ్డ ఎండిపోతుంది. దైతరి నాయక్‌కు గోనాసిక కొండ మీద నీరు లేకపోతే తవ్వడానికి ఏమీ ఉండేది కాదు. ఇంటి హక్కు, ఊరి హక్కు రెండూ ఒకే కాలువకు ఇటు, అటు గట్లు. ఒక గట్టు తెగితే నీరు నిలవదు.

ఈ నేల మీద ఈ ఆలోచన కొత్త కాదు. కొమురం భీం కూడా నేల సాగు చేసుకునే గోండు కుటుంబంలో పుట్టినవాడే. జోడేఘాట్‌లో 1940లో ప్రాణం ఇచ్చేనాటికి ఆయన పోరాటం తన ఒక్క ఇంటి చేను కోసం మాత్రమే కాదు. చుట్టూ ఉన్న పన్నెండు గూడేల నేల కోసం, అడవి కోసం, నీటి కోసం. చేనుకు హక్కు కావాలని మొదలైన మాట జాతి మాటగా మారింది. మనందరికీ ఆయన లాంటి మరణం రానక్కర్లేదు. కానీ సొంత చేను దగ్గర మొదలై ఊరి దాకా వెళ్లే ఆ దారి మనకూ తెరిచే ఉంది.

చదువుకుని విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఊరికి ఏదైనా చేయాలనుకుంటారు. వచ్చినప్పుడు క్రికెట్ కిట్టు కొనిస్తారు, పండక్కి చందా ఇస్తారు. మంచిదే. కానీ ఇంకో పని ఉంది. మీ ఊళ్లో రేషను కార్డుల కోసం, రోడ్డు కోసం, పట్టాల కోసం పొలం పని వదులుకుని తిరుగుతున్న రైతు ఒకరు తప్పకుండా ఉంటారు. ఇటుకల పండుగకు వచ్చినప్పుడు ఆయన ఇంటికి వెళ్లండి. ఆ ఇంటి పిల్లల చదువు ఎలా ఉందో చూడండి. ఆయన రాయలేని దరఖాస్తు మీరు రాసిపెట్టండి. ఆయన వెళ్లవలసిన ఆఫీసుకు ఒక్కసారి మీరు వెళ్తే ఆయనకు ఒక రోజు దుక్కి మిగులుతుంది. అది మీరు చేసే బదులు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న సూచన. సేవ గురించి పాఠం చెప్పిన రోజు పిల్లలకు ఇంటిపనిగా ఒక ప్రశ్న ఇవ్వండి. “మన ఊరి కాలువ ఎవరు తవ్వారు? ఆ రోజుల్లో వాళ్ల పొలం ఎవరు దున్నారు?” పిల్లలు తాతలను, అవ్వలను అడిగి రాసుకొస్తారు. మొదటి ప్రశ్నకు జవాబుగా కొన్ని పేర్లు వస్తాయి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు ఇంకా విలువైనవి. వాటిని ఒక నోటుపుస్తకంలో దాచండి. ఆ పుస్తకం మన ఊళ్ల చరిత్ర అవుతుంది.

కుటుంబమా, ప్రజలా అని రైతును అడగడం సరైన ప్రశ్న కాదని నేను అనుకుంటున్నాను. ఆయన రెండింటినీ ఒకే నాగలితో దున్నుతున్నాడు. ప్రశ్న మనల్ని మనం అడుగుకోవాలి. ఈసారి గ్రామసభలో ఎవరికైనా దండ వేసే ముందు ఆయన పొలం వైపు ఒకసారి చూసి రండి. దుక్కి కాకపోతే దండ తరువాత వేయవచ్చు. ముందు ఎడ్లు తోలండి.